అమావాస్య నాటి మగ్గం

డప్పు శౌరయ్య రంగులపేట నేతవీధి మొగలో నిలబడి గొంతు సవరించుకునేసరికి సుబ్బరత్నం గుమ్మం ముందు కళ్ళాపి చల్లుతోంది. పండగ వెళ్ళి వారమైనా పొద్దుటి చలి ఇంకా వదల్లేదు. ఇదివరకైతే ఆ వేళకు ఈ కొస నుంచి ఆ కొస దాకా వీధి పొడుగునా పడుగులు సాగదీసి గంజి పట్టిస్తూ ఉండేవారు. డప్పువాడు రావాలన్నా, పాలమనిషి రావాలన్నా ఆ పోగుల కింద వంగి రావలసిందే. ఇప్పుడు శౌరయ్య నడివీధిలో నిటారుగా నడిచి వచ్చాడు. వీధి మధ్య రెండు కుక్కలు పడుకుని ఎండ కాగుతున్నాయి.

"వినండహో! వచ్చే అమావాస్య నాడు పొద్దువాలే వేళకి అసెంబ్లీ మెంబరు చౌడయ్యగారు రంగులపేట నేతవీధికి స్వయంగా వచ్చి, ఏడాదిలో మన జిల్లాకి తాము చేసిన పనులన్నీ చెప్తారహో! కాలవ మీద చప్టా! పురుళ్ళ ఆసుపత్రికి డాక్టరమ్మ! కిరసనాయిలు కూపన్లు! దొంగ మగ్గాల ఏరివేత! బెజవాడ నించి నూలు ఆఫీసరుగారు కూడా వస్తున్నారహో! అందరూ రావాలహో!"

సుబ్బరత్నం చెయ్యి బిందెలోనే ఆగిపోయింది.

"శౌరయ్యా, ఆ చివర్న అన్నది మళ్ళీ చెప్పు."

"అందరూ రావాలమ్మా."

"దానికి ముందుది."

"నూలు ఆఫీసరు."

"దానికీ ముందుది."

శౌరయ్య డప్పు చంకన పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "దొంగ మగ్గాల ఏరివేతమ్మా. అట్టాగే అనమని బట్టీ పట్టించారు. ఏం, తప్పు పోయిందా?"

"నీ తప్పేం లేదులే. వెళ్ళి ఆ కొసన కూడా గట్టిగా చెప్పు. అందరూ వినాలి" అని మిగిలిన నీళ్ళన్నీ ఒక్కచోటే గుమ్మరించి లోపలికి వెళ్ళిపోయింది.

దొంగ మగ్గం అంటే వాళ్ళ మగ్గమే. వీధిలో ఉన్న మగ్గాలన్నీనూ. యుద్ధం అయిపోయినా నూలు కంట్రోలు పోలేదు. ఆడే మగ్గానికే నూలు అన్నారు, బాగానే ఉంది. కార్తీకంలో మగ్గాలు లెక్కపెట్టడానికి పై ప్రాంతపు గుమాస్తా ఒకడు వచ్చాడు. వచ్చింది అమావాస్య నాడు. అమావాస్య అంటే ఈ వీధిలో మగ్గానికి సెలవు. ముందు రోజు సాయంత్రమే, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె తీసి కడిగి, పసుపు రాసి, చౌడేశ్వరమ్మ పటం ముందు పెడతారు. మగ్గం మీద గుడ్డ కప్పుతారు. గుమాస్తా ఇంటింటా తొంగిచూసి, ఒట్టి మగ్గాన్ని చూసి, నాడె ఏదని అడిగి, దేవుడి దగ్గరుందంటే నవ్వి, సుబ్బరత్నం ఇచ్చిన మజ్జిగ తాగి పోయాడు. ఆ తరువాత కంకిపాడు డిపోకు నూలు కోసం వెళితే, మీ వీధిలో ఆడే మగ్గాలే లేవు పొమ్మన్నారు. బెజవాడ ఆఫీసుకు పోయి అమావాస్య సంగతి చెప్పుకుంటే, పట్టుబడ్డవాళ్ళు ఏదో ఒకటి చెప్పక మానరన్నారు. చౌడయ్యగారితో చెప్పుకుందామంటే ఆయన చెన్నపట్నంలో అసెంబ్లీకి వెళ్ళారన్నారు. ఆయన కూడా మగ్గం గుంట పక్కనే పాకినవాడు. సుబ్బరత్నానికి పుట్టింటి తరఫున పినతండ్రి వరస. ఆయనే ఇప్పుడు వాళ్ళ నూలు తీసేయించిన సంగతి డప్పు కొట్టించి చెప్తున్నాడు, ఘనకార్యం చేసినట్టు.

లోపల ఆమె మొగుడు కోటిలింగం మగ్గం తాళ్ళు విప్పుతున్నాడు.

"విప్పకండి" అంది.

"విప్పక? మగ్గం అమ్ముతానని కంకిపాడు రత్తయ్యకు మాటిచ్చా. పాడ్యమి పొద్దున్నే బండి తోలుకొస్తాడు. మంచి చేవ ఉన్న కర్రంట. తలుపులు చెయ్యడానికి పనికొస్తదన్నాడు."

"తలుపయ్యాక మనం పోయి దాన్ని తట్టాలి కాబోలు, ఏమమ్మా బాగున్నావా అని."

కోటిలింగం నవ్వలేదు. వంచిన తల ఎత్తకుండా ముడి విప్పుతూనే అన్నాడు: "బెజవాడ గూడ్సు షెడ్డులో మూటలెత్తడానికి మనుషులు కావాలంట."

"మీ నడుం గుంటలో కూర్చుని నేసిన నడుం. మూట కింద వంగితే మళ్ళీ లేస్తదా?"

"లేస్తదో లేవదో వంగితే గాని తెలవదు."

సుబ్బరత్నం వచ్చి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆ తాడు ముడి అట్టాగే ఉండిపోయింది.

"అమావాస్య దాకా ఉంచండి. ఆ రోజు మగ్గం వేద్దాం."

"ఏ రోజు?"

"అమావాస్య నాడే. ఆఫీసరు వస్తున్నాడు. వీధిలో మగ్గాలు ఆడుతయ్యో లేదో ఆయన చెవులతో ఆయనే వింటాడు."

కోటిలింగం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. ముందుగా చూసింది భార్యను కాదు, గోడనున్న పటాన్ని. తరువాత మగ్గాన్ని చూపించాడు. "ఏం పెట్టి వేస్తావు? జానెడు పడుగుంది. అది కాస్తా నేసేస్తే కొస అచ్చులోంచి జారిపోతది. రేపు నూలొచ్చినా అతకడానికి ఏముంటది? ఒక్కో పోగూ మళ్ళీ మొదటినించీ ఎక్కించుకోవాలి."

నిజమే. పడుగు అయిపోవచ్చినప్పుడు, పోగులు ఎక్కించే దువ్వెన లాంటి అచ్చులో చివర జానెడు వదిలేస్తారు. ఆ కొసలకే కొత్త పడుగు పోగు పోగునా బూడిద వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. రెండు నెలలుగా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ జానెడు పడుగును పసిబిడ్డను కాపాడుకున్నట్టు కాపాడుకుంటున్నారు. నూలు వస్తుందన్న ఆశ అంటూ ఉంటే అది ఆ జానెడే.

"నూలు రాకపోతే ఆ కొసలు ఏం చేసుకుంటాం? రత్తయ్య తలుపుకి తోరణం కడదామా?" అంది సుబ్బరత్నం.

కోటిలింగం తల్లి భద్రమ్మ మూల కూర్చుని పాత చీరల అంచులు విప్పి పోగులు చుట్టుకుంటోంది. కోడలి మాటకు ఆవిడ చేతిలో రాట్నం ఆగింది. అత్తగారు ఇప్పుడు తిడుతుందనుకుని సుబ్బరత్నం తలవంచుకు నిలబడింది.

"అమ్మవారికి చేతులు చాలా ఉన్నయ్యిలే" అంది భద్రమ్మ చివరికి. "ఒక చేత్తో చెంప పగలగొట్టినా ఇంకో చేత్తో ఇంత కూడు పెడతది. కొట్టించుకుందాం."

*

ఒక్క మగ్గం ఆడితే చాలదు. వీధి వీధంతా ఆడాలి. ఆ మర్నాటినుంచీ సుబ్బరత్నం ఇంటింటికీ తిరిగింది. పిడకలకని ఒకరింటికి, నిప్పుకని ఒకరింటికి, ఏ వంకా దొరక్కపోతే ఊరికేనూ. కొందరు విని తలుపు దగ్గరికి వేశారు. కొందరు విన్నంతసేపూ విని, మా ఆయన్నడగాలి అన్నారు. ఒకావిడ అయితే చెవులు మూసుకుని, ఆ మాట ఇంకొకసారి మా గడపలో అనకమ్మా, కడుపుతో ఉన్న పిల్ల ఉంది, అని దణ్ణం పెట్టింది.

కాలవ రేవులో పక్కింటి బాలత్రిపురసుందరి గుడ్డలు ఉతుకుతూ కనబడింది. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక అందరూ బాలమ్మ అంటారు.

"మా ఆయన కలలో కూడా ఒప్పుకోడే రత్నం. అమావాస్య నాడు నాడె ముట్టుకున్నట్టు కలొస్తే మంచం మీంచి కిందపడతాడు."

"పడనీ. ఆ మంచం బయట వేసి పడుకోబెట్టు. మగ్గం నువ్వెయ్యి."

"నేనా?"

"ఏం, రాదా?"

"రాకేం! ఆయన సంతకు పోయినప్పుడు నేసిందంతా ఎవరనుకున్నావు?" అని బాలమ్మ చీర పిండి భుజాన వేసుకుంది. వెంటనే ముఖం చిన్నబోయింది. "కాదే, అమ్మవారికి కోపమొస్తే?"

"వస్తే రానీ. అసలు ఈ రెండు నెలల్నించి మన పొయ్యి చూసి ఆవిడకి కోపం రాలేదా? వచ్చే ఉంటది. ఎవరి మీద తీర్చుకోవాలో తెలీక ఊరుకుంది."

బాలమ్మ కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి, "నాకు మాత్రం ఒక్క మాట తేల్చి చెప్పు. ముందు ఎవరు మొదలుపెడతారు?" అంది.

"నేనే. పాపమేదన్నా ఉంటే మొదటి దెబ్బ నాది. నా మగ్గం వినబడ్డాకనే మీరు వెయ్యండి. తొందరపడి ముందే వేశారంటే ఆయన వచ్చేటప్పటికి పడుగులైపోయి అందరం వెర్రిమొహాలు వేసుకు చూస్తాం."

ఆ మాట వీధిలో పాకింది. మొదటి దెబ్బ సుబ్బరత్నానిది అన్న తరువాత మనుషులకు ధైర్యం వచ్చింది. ఒక్కరి నెత్తిన పడితే మిగతావారికి బరువు తగ్గుతుంది కదా. ఒప్పుకోని ఇళ్ళు కూడా ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వచ్చాయి.

మిగిలింది వీరభద్రయ్య. వీధికి పెద్ద ఆయనే. అమ్మవారి గుడి తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. ఆయన మగ్గానికీ నూలు పోయింది. అరుగు మీద కూర్చుని పోగు చుట్టే కండెలు, ఖాళీవి, బుట్టలో సర్దుకుంటున్నాడు. కండెలకు పని లేదు, చేతులకు పని కావాలి.

"నాకు తెలుసులే ఎందుకొచ్చావో" అన్నాడు. "నా ప్రాణం ఉండగా ఈ వీధిలో అమావాస్య నాడు నాడె ఆడదు."

సుబ్బరత్నం అరుగు కిందే కూర్చుంది. "ఆడకపోతే పాడ్యమి నాడూ ఆడదు తాతయ్యా. విదియ నాడూ ఆడదు. ఇంక ఏ తిథి నాడూ ఆడదు. మా మగ్గం రత్తయ్య బండెక్కుతోంది. దాని వెనక ఎవరిది ఎక్కుతుందో."

ముసలాయన కండెలు సర్దడం ఆపలేదు. వాటిని బుట్టలోంచి తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నేను వెయ్యను" అన్నాడు చాలాసేపటికి. "నా చేతకాదు. చెయ్యి రాదు. మిమ్మల్ని వెయ్యొద్దననూ అనను. పందిట్లో కూర్చుంటా. ఎంతైనా వచ్చేవాడు మనవాడు. ఎదురుగా ఒక్కడన్నా లేకపోతే మర్యాదగా ఉండదు."

*

పందిరి సుబ్బరత్నం ఇంటి ఎదురుగానే వేశారు. వీధి అక్కడే కాస్త వెడల్పు. మధ్యాహ్నం నుంచీ రైతుల వీధి నుంచీ, పై వాడల నుంచీ జనం వచ్చి కూర్చున్నారు. నేతవాళ్ళ కోసం ముందు వరసన పరిచిన చాప ఖాళీగా ఉంది. దాని మీద వీరభద్రయ్య ఒక్కడే ఉతికిన పంచె కట్టుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారిలా కూర్చున్నాడు.

లోపల సుబ్బరత్నం తలంటుకుని, తడి జుట్టు ముడివేసుకుని, పటం ముందు నిలబడింది. నాడె అక్కడే ఉంది, పసుపు పూసుకుని, పక్కన పువ్వు పెట్టుకుని. నిన్న సాయంత్రం భద్రమ్మ ఎప్పటిలాగే పెట్టింది. అది మానితే ఎట్లా అంది. సుబ్బరత్నం చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"తియ్యవే" అంది భద్రమ్మ వెనకనించి. "నేను చెప్పుకున్నా ఆవిడతో. పొద్దుటినించీ అదే చెప్తున్నా. ఆవిడకే విసుగొచ్చి ఉంటది."

సుబ్బరత్నం నాడె తీసుకుని కళ్ళకద్దుకుంది. పసుపు తుడవలేదు. పాత చీరల అంచుల పోగులతో భద్రమ్మ చుట్టిన కండె అందులో పెట్టి, గుంటలో దిగి కూర్చుంది. కోటిలింగం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వద్దనడు, రమ్మన్నా రాడు.

కారు చెప్పిన వేళకు రాలేదు. పొద్దు పందిరి కింద నుంచి జారి కిటికీలోకి వచ్చింది. బాలమ్మ గోడ మీంచి తల పెట్టి "ఇంకా ఎంతసేపే?" అంటే, "ఊఁ అనకు, ఆ మగ్గం ముట్టుకోకు" అని సుబ్బరత్నం కసిరింది. చివరికి కాలవగట్టు మీద హారను మోగింది. దుమ్ము ముందు వచ్చింది, కారు తరువాత వచ్చింది. బంతిపూల దండలు, చప్పట్లు. కిటికీ తెరిచే ఉంది కనక మాటలన్నీ లోపలికి వినబడుతూనే ఉన్నాయి. చౌడయ్య గొంతు ఇంకా మునుపటి గొంతే, మగ్గం మోతకు అలవాటుపడి గట్టిగా మాట్లాడే గొంతు.

"మీ ఓటు తీసుకుని నేను చెన్నపట్నంలో నిద్రపోలేదని చెప్పుకోడానికి వచ్చాను. మొదటిది కాలవ మీద చప్టా. బండి నీళ్ళలో దిగకుండా పోతోందా, లేదా?"

"పోతోందండీ, కానీ ఒక పక్క గోడ కట్టలేదు. మా దున్నపోతు పడ్డది!" అని వెనక నుంచి ఒక రైతు అరిచాడు.

"దున్నపోతుకి కళ్ళు లేవూ?"

"కళ్ళున్నయ్యండీ, ఓటే లేదు. అందుకని దాని గోడు ఎవరూ పట్టించుకోలేదు!"

పందిరంతా గొల్లుమంది. చౌడయ్య కూడా నవ్వాడు. "గోడ కట్టిస్తా. దున్నపోతుకి చెప్పు" అన్నాడు. డాక్టరమ్మ సంగతి చెప్పాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కిరసనాయిలు సంగతి చెప్పాడు. ముందున్న ఖాళీ చాప వంక మాటిమాటికీ చూస్తున్నాడేమో, మాటల మధ్య మధ్య ఆగుతున్నాడు.

"ఇక నూలు. యుద్ధం పేరు చెప్పి జిల్లాలో నూలు మింగేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మగ్గం లేకుండానే మగ్గం ఉందని రాయించుకున్నారు. అట్లాంటి దొంగ మగ్గాలను..."

సుబ్బరత్నం తాడు లాగింది.

నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయి కొట్టుకుంది. పోగును దట్టించే పలక దెబ్బ పడింది. రెండు నెలలు మూగపడి ఉన్న ఇంట్లో ఆ దెబ్బకు చూరులోంచి మన్ను రాలింది. ఆమె వెంటనే రెండోది వేసింది. మూడోది వేసేసరికి పక్కింట్లో బాలమ్మ అందుకుంది. దాని తరువాత ఎదుటి ఇల్లు, ఆ తరువాత ఎటునుంచి ఎవరు వేస్తున్నారో తెలియకుండా వీధి రెండు పక్కలా మోత లేచింది.

చౌడయ్య మాట ఆగిపోయింది. "ఏమిటది?" అన్నాడు.

"చెవులకి పట్టటంలా? మగ్గాలు, చౌడయ్యా" అన్నాడు వీరభద్రయ్య, కూర్చున్నచోట కదలకుండా.

"ఇవాళా?"

చౌడయ్య మెడలో దండ మెడలోనే ఉండగా పందిట్లోంచి బయటపడి, ఎదురుగా వినబడుతున్న ఇంట్లోకి దూసుకువచ్చాడు. వెనకే నూలు ఆఫీసరు, ఆయన వెనక జనం. ఆఫీసరు గడపలో నిలబడి లోపలికి చూసి తల ఊపాడు.

"చూశారా చౌడయ్యగారూ! మనం వస్తున్నామని తెలిసి ఇవాళే పోగులు తగిలించారు. పడుగు చూడండి, బెత్తెడు కూడా లేదు. నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే."

సుబ్బరత్నం ఆ మాట వింది. ఇన్నాళ్ళు ఇంటింటికీ తిరిగి, అమ్మవారి ముందు నుంచి నాడె తీసి, ఉన్న జానెడూ ఖర్చు పెట్టి, చివరికి దొంగలమని తామే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆపితే మళ్ళీ వెయ్యడానికి పడుగు లేదు.

చౌడయ్యకు ఆఫీసరు మాట చెవిన పడలేదు. ఆయన చూపంతా నాడె మీద, దాని మీది పసుపు మీద ఉంది. ముఖం కందిపోయింది.

"రత్నం! చెయ్యి తియ్యి! ఇవాళ తిథేమిటే?"

"అమావాస్య, బాబాయి."

"తెలిసే వేస్తున్నావా? మీ నాన్న మగ్గం మీద ఏనాడన్నా అమావాస్య నాడు నాడె ఆడిందా? మా ఇంట్లో పస్తులున్న రోజుల్లో కూడా ఆడలేదే! మనవాళ్ళలో ఏ ఊళ్ళోనన్నా, ఎంత గతిలేనివాడన్నా వేశాడా?"

"ఎవరూ వెయ్యరు బాబాయి."

"మరి నీకేం పోయేకాలం!"

"ఒక్క నిమిషమండీ" అన్నాడు ఆఫీసరు. "ఎవరూ వెయ్యరా? ఏ అమావాస్యకూనా?"

చౌడయ్య విసురుగా అటు తిరిగాడు. "తల తీస్తానన్నా వెయ్యరండీ! నాడె తీసి కడిగి అమ్మవారి ముందు పెట్టి, మగ్గం మీద గుడ్డ కప్పేస్తారు. ఆ రోజు ఏ నేతవాడి ఇంట్లో చూసినా మగ్గం ఒట్టిదే..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. తన మాట తనకే వినబడినట్టుంది.

"కార్తీకంలో లెక్క తీసిందీ అమావాస్య నాడేనండీ" అన్నాడు ఆఫీసరు మెల్లగా. "వీళ్ళు ఆ మాట చెబితే సాకు అనుకున్నాం. ఆ రోజు పెట్టమన్నది మీరే కదా. మిగతా రోజుల్లో సంతలకు పోతారు, అమావాస్యకైతే అందరూ ఇళ్ళల్లో ఉంటారు, ఒక్క మగ్గం కూడా తప్పిపోదు అన్నారు."

అప్పటికి బాలమ్మ మగ్గం ఆగిపోయింది. ఎదుటి ఇల్లూ ఆగింది. వీధిలో మోత ఒక్కొక్క ఇంటా సన్నగిల్లుతోంది. సుబ్బరత్నం మగ్గం మీద పడుగు కొస అచ్చు దగ్గరికి వచ్చేసింది. ఆమె పలక లాగింది. ఓ పక్కనించి పోగులు అచ్చులోంచి జారడం మొదలుపెట్టాయి.

"ఆగు! కొస!" అని చౌడయ్య మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ మగ్గంలోకి పోనిచ్చి జారుతున్న పోగులను వేళ్ళ సందున బిగించి పట్టుకున్నాడు. ఎన్నేళ్ళయిందో మగ్గం ముట్టుకుని, వేళ్ళు మాత్రం ఎక్కడ పట్టాలో అక్కడే పట్టాయి. ఒక పక్కవి జారిపోయాయి, ఇంకో పక్కవి నిలిచాయి. మెడలో దండ తెగి బంతిరేకులు నేసిన గుడ్డ మీద రాలాయి.

"కోటిలింగం, అట్టా గోడకి బల్లిలా అంటుకుని చూస్తావేమిటి! సన్నటి పుల్ల ఒకటి అందుకో. తాడు తే."

కోటిలింగం ఉలిక్కిపడి చూరులోంచి ఈనె లాగాడు. ఇద్దరూ పోగుల మధ్య దాన్ని దూర్చడానికి తంటాలు పడుతుంటే, గుమ్మం దగ్గర నుంచి ఎవరో "అయ్యా, సభలో జనం ఎదురుచూస్తున్నారండీ" అన్నారు.

"జనమంతా ఈ గుమ్మంలోనే ఉన్నారుగా" అన్నాడు చౌడయ్య. చేతులు ఖాళీ లేవు, తల ఎత్తడానికి లేదు. ఆ వంగిన మనిషి వంగినట్టే చెప్పాడు: "నూలు సంగతి చెప్తూ ఆగాను. ఆ పని చేశానని చెప్పబోయాను. అది చేసిన పని కాదు. ఎవరూ తప్పిపోకూడదని అమావాస్య నేనే ఎంచాను. ఎంచేటప్పుడు లెక్క రాసేవాడికి మన ఆచారం తెలియదన్న ఊహే రాలేదు నాకు. రేపు పాడ్యమి. రేపు మళ్ళీ లెక్క."

"రేపు గన్నవరంలో నాకు క్యాంపు ఉందండీ" అన్నాడు ఆఫీసరు.

"గన్నవరం ఎక్కడికీ పోదు."

"అది కాదండీ, రాత్రికి బెజవాడ చేరాలి..."

"నా డ్రైవరు అమావాస్య రాత్రి బండి తోలడు."

"ఎప్పటినుంచండీ?"

"ఇవాళ్టినుంచి."

గుమ్మంలో నవ్వులు పేలాయి. ఆఫీసరు కూడా నవ్వాడు, ఇష్టం లేని నవ్వే అయినా. సుబ్బరత్నం గుంటలోంచి పైకి వచ్చి, నాడె తీసి, దానికంటిన దుమ్ము పైటకొంగుతో తుడిచి, పటం ముందు మళ్ళీ పెట్టింది.

*

పాడ్యమి పొద్దున చౌడయ్య ఆఫీసరును వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. రాత్రి తను వీరభద్రయ్య ఇంటి అరుగు మీద దోమలతో పడుకున్నాడేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ నాడె మగ్గం మీదికి వచ్చి ఉంది. పడుగులు మాత్రం లేవు. వీరభద్రయ్య ఇంట్లో ఒక్కచోటే కొస పదిలంగా ఉంది. "చూడండి, కొస అంటే ఇదీ" అని చౌడయ్య దాన్ని ఆఫీసరుకు చూపించాడు. ముసలాయన కొత్తపెళ్ళికూతురి ముసుగు సర్దినట్టు దాని మీద గుడ్డ మళ్ళీ సర్దుకున్నాడు.

వాళ్ళు సుబ్బరత్నం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో బండి ఉంది. కంకిపాడు రత్తయ్య ఎడ్లను విప్పకుండా, మోకులు భుజాన వేసుకుని, లోపలికి వచ్చి మగ్గం నిట్టాడు గుంజ మీద అరిచేత్తో తట్టి చూస్తున్నాడు.

"ఇది ఆడే మగ్గమేనా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఇదా! ఇది నేను కొనుక్కున్న కర్రండీ" అన్నాడు రత్తయ్య. "ఈయన మాటిచ్చాడు. తీసుకుపోను వచ్చా."

ఆఫీసరు చేతిలో పెన్సిలు ఆగింది. "అమ్మేసిన మగ్గానికి నూలు రాయలేనమ్మా" అన్నాడు సుబ్బరత్నంతో.

చౌడయ్య ఏదో అనబోయాడు. సుబ్బరత్నం ఆయన వంక చూసి వద్దని తల ఊపింది. వీధిని ఒప్పించింది, అత్త చేత ఔననిపించుకుంది, అమ్మవారిని కూడా ఏదో ఒకటి చెప్పి ఒప్పించింది. ఈ ఒక్క మాట మాత్రం తను చెప్పేది కాదు. మాట ఇచ్చినవాడే చెప్పాలి.

కోటిలింగం పెరట్లో ముఖం కడుక్కుని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. రత్తయ్యనూ, వాడి భుజాన మోకులనూ చూశాడు. తరువాత, నిన్న తానూ చౌడయ్యా కలిసి పోగుల మధ్య దూర్చిన ఈనెను చూశాడు. గుంటలోకి దిగి కూర్చున్నాడు. రోజూ కూర్చునేవాడు కూర్చున్నట్టే, కాళ్ళు కింద సర్దుకుని.

"రత్తయ్యా, మాట వెనక్కి తీసుకుంటున్నా. తిట్టుకుంటావేమో, తిట్టుకో" అన్నాడు. "తలుపులకి వేరే కర్ర చూసుకో. ఇది ఆడే మగ్గమేనండీ, రాసుకోండి."

"మరి ఇంతదూరం ఎడ్లను తోలుకొచ్చానే!" అన్నాడు రత్తయ్య.

"కూర్చో అబ్బాయ్. అంబలి తాగి వెళ్ళు. ఎడ్లకి కూడా కుడితి ఉంది" అంది భద్రమ్మ.

ఆఫీసరు రాసుకున్నాడు. నూలు డిపోకు వచ్చేసరికి వారమో పదిరోజులో పడుతుందన్నాడు, పైనుంచి కాగితం రావాలన్నాడు. చౌడయ్య ఆ కాగితం తను తెప్పిస్తానన్నాడు. కంకిపాడులోనూ ఆ అవతలా పెట్టుకున్న సభలన్నీ ఆపేశాననీ, ఇలాగే లెక్క తప్పిన వీధులు ఇంకెన్ని ఉన్నాయో తిరిగి చూసుకున్నాకే మళ్ళీ ఎవరికైనా ఏమైనా చెప్తాననీ అన్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు.

"నూలు బండి వచ్చిన రోజు నేనూ వస్తానే రత్నం. ఏ రోజు పెట్టమంటావు?"

"ఏ రోజైనా సరే బాబాయి" అంది సుబ్బరత్నం. "ఒక్క అమావాస్య తప్ప."

ఆయన నవ్వబోయి, నవ్వలేక, తల ఊపి వెళ్ళిపోయాడు.

జారిపోయిన పోగులు అచ్చుకు ఈ పక్కన చిక్కుపడి వేలాడుతున్నాయి. వాటిని విడదీసి, ఒక్కొక్కటే మళ్ళీ అచ్చు పంటిలోకి ఎక్కించాలి. కొత్త నూలు వచ్చేనాటికి అతకడానికి కొస సిద్ధంగా ఉండాలి. కోటిలింగం సన్నటి కొక్కెం తీసుకున్నాడు. సుబ్బరత్నం ఎదురుగా కూర్చుని, వేళ్ళకు బూడిద రాసుకుని, ఒక పోగు కొసను నోటి తడితో సన్నం చేసి అందించింది. ఆయన కొక్కేనికి తగిలించి లాగాడు.

బయట కాలవగట్టు మీద కారు పోతున్న చప్పుడు, దాని వెనక రత్తయ్య ఖాళీ బండి చప్పుడు వినబడ్డాయి. సుబ్బరత్నం తల ఎత్తలేదు.

"ఊఁ, ఇంకోటి" అన్నాడు కోటిలింగం.

అందించింది.